పుస్తకంలో లేని గుర్తులు

ఫిబ్రవరి 2, ఆదివారం. ఉత్తరపు గాలి, పలచటి ఎండ. పొద్దున పడవ అడుగు గీకి తారు పూశాను.

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. నువ్వూ వేళకి తిని నిద్రపోతున్నావనుకుంటాను.

అమ్మ మోకాలి గురించి అడిగావు. మెట్లు దిగేటప్పుడే నొప్పి, నన్ను తిట్టేటప్పుడు ఏమీ ఉండదు. వంటింటి కిటికీకి కొత్త గడియ పెట్టాను. మీ మావయ్య కళ్లజోడు మళ్లీ నీళ్లపాలు చేశాడు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ చేపల ఆఫీసువాళ్లు నా గుర్తుల ప్రకారం వరసగా రెండేళ్లు పున్నమికి నీళ్లలో దిగి చూసినా, అడుగున రాళ్ల దిబ్బ మీద మచ్చచేప ఒక్కటీ కనబడలేదని రాశావు. అవి గుడ్లు పెట్టడానికి చేరే చోటంటూ లేదని తేలితే, ఇరవయ్యో తేదీ మీటింగులో ఆ దిబ్బలన్నీ వేటకి వదిలేస్తారన్నావు. "నీ పుస్తకంలో గుర్తులు నేనే సరిగ్గా చదవలేదేమో నాన్నా" అని కూడా రాశావు.

నువ్వు సరిగ్గానే చదివావమ్మా. నేనే తప్పు రాశాను.

నేను బడికి పోలేదు. ఐసు పెట్టెల మీది అక్షరాలు చూసి రాయడం నేర్చుకున్నాను. అప్పటినుంచి రోజూ గాలి, నీటి రంగు, పడ్డ చేపలు రాస్తూ వచ్చాను. అవన్నీ నిజం. కానీ మీ మావయ్య ఇంటికొచ్చినప్పుడల్లా పుస్తకం తిరగేసేవాడు. "ఏం బావా, చేపలకి జాతకాలు రాస్తున్నావా?" అనేవాడు. వాడికి తెలిస్తే రేవంతా తెలుస్తుందని, మచ్చచేపలు చేరే ఆ ఒక్క చోటికి మాత్రం వేరే గుర్తులు రాశాను. ఇరవై రెండేళ్లు అలాగే రాశాను.

పుస్తకాలు నువ్వు పట్టుకెళ్లిన రోజే చెప్పాల్సింది. "మా నాన్న పుస్తకంలో అబద్ధం ఉండదు" అని మీ మేడంతో అన్నావు. నేను పుస్తకాలు గుడ్డలో చుట్టి నీ చేతికిచ్చాను.

అదొక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. మీరు ఖాళీ రాళ్ల చుట్టూ వెతుకుతున్న ఆ రోజుల్లో, నేను అసలు చోట గాలం వేశాను. రెండేళ్లూ వేశాను. ఒకప్పుడు అక్కడ అడుగు కనబడనన్ని చేపలు ఉండేవి. పోయినేడు పదకొండు పడ్డాయి. అన్నిటి కడుపు నిండా గుడ్లే.

నిన్న మావయ్యకి చెప్పేశాను. "నీ గుర్తులు పట్టుకుని పదిసార్లు పోయి ఉత్త చేతుల్తో వచ్చాను బావా. అడిగితే నా దొంగచూపు బయటపడుతుందని ఊరుకున్నా" అన్నాడు. ఇంకో రోజైతే నవ్వేవాణ్ణి.

ఇక రాసుకో. పడవలోంచి ఒడ్డుకేసి చూస్తే లైట్‌హౌస్ ఐసు ఫ్యాక్టరీ గోడ ఎడమ అంచుని తాకుతూ నిలబడాలి. అలా నిలబడి ఉండగానే, దక్షిణాన జంట కొండల మధ్య సందు మూసుకుపోవాలి. లోతు పద్దెనిమిది బారలు. పన్నెండున పున్నమి. మర్నాడు తెల్లవారి దిగండి.

కనబడితే సరే. కనబడకపోతే, అక్కడ చేపలు ఉండేవనీ, నేనే పట్టేశాననీ మీటింగులో లేచి చెప్తాను. బస్సు టికెట్టు కొనుక్కున్నాను.

ఇవాళ అమ్మకీ చెప్పాను. "పిల్ల ఎదుట ఏ మొహం పెట్టుకుని నిలబడతారు?" అంది.

తెలీదన్నాను.

ఇట్లు,
నాన్న