తేలిక తుపాకీ, అబ్బా చాకు

అన్వరీ ఆపాకు సలాం. మేం బాగున్నాం, నా షుగర్ గురించి దిగులు పడకు.

మా హమ్జా ఆఫీసు స్నేహితులతో న్యూజిలాండ్ కొండల్లో పిట్టల వేటకు వెళ్తున్నాడు. అక్కడ తుపాకీ అద్దెకిస్తారట, ఏ బరువుదో ముందే చెప్పాలి. నిన్న ఇక్కడ సింగపూర్‌లోనే చోవా చూ కాంగ్ దగ్గర షూటింగ్ క్లబ్బులో రెండు రకాలూ పేల్చి చూశాడు. తేలికది పేలినప్పుడు ఎక్కువ తన్నుతుంది, ఆ దెబ్బకు భుజం కమిలింది.

"బరువుదే బెటర్ లా, అబ్బూ" అన్నాడు, ఇక్కడివాళ్ల 'లా' తగిలించి.

తేలికదే తీసుకోమన్నాను.

"నడవడానికా?"

"కాదురా, పరుగెత్తడానికి. పడ్డ పిట్టను ఊపిరి ఉండగానే చేరుకుని, బిస్మిల్లా అని చాకుతో హలాల్ చేయాలి."

"అందకపోతే?"

చిన్నప్పుడు కౌజు పిట్ట కోసం మన అబ్బా పరుగు చూసి మనిద్దరం నవ్వేవాళ్లం గదా. ఆయన చేరేలోపు ఒక్కదాని ప్రాణం పోయినా ఆ రోజు మళ్లీ తుపాకీ ఎత్తేవారు కాదు. అదే చెప్పాను. వాడు తర్వాత తేలికదే రాయించాడు.

అమ్మీ పెట్టెలో అబ్బా చాకు ఉందా? తుప్పు పట్టి ఉంటే సాన పట్టించు. వచ్చే నెల, వీడు బయల్దేరే ముందే, మీ అమ్మాయి నిదా ఇక్కడికి వస్తుందిగా, పెద్ద బ్యాగులో పెట్టి పంపు. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? దుల్హాభాయ్‌కి సలాం, పిల్లలకు దువా.

తుపాకీ కన్నా ముందు ఆ చాకు వాడి చేతికి అందాలి, ఆపా.

నీ తమ్ముడు
బాసిత్