పోచమ్మకు చూపని యాట

బెంజమిన్,

మీ అన్న ఫోను నుంచి చేస్తే నువ్వు ఎత్తవు. అందుకే ఈ ఉత్తరం నీ బిడ్డ గ్లోరీ చేతికిచ్చి పంపుతున్నాను.

పోయినేడు పోచమ్మ పండుగకు వచ్చి, కూర ముట్టకుండా లేచిపోయావు. తను వండింది తమ్ముడు కాదన్నాడని మీ అన్న మీ చర్చి బాటకు అడ్డంగా ముళ్లకంప కొట్టించాడు. అప్పటి నుంచి వాడలో గుడివాళ్లు, చర్చివాళ్లు ఒకరింట్లో చావుకు ఇంకొకరు పోవడం లేదు.

నిన్న ఆయన్ను కూర్చోబెట్టి, దేవతకు ఇచ్చిన మాంసమే నువ్వు తినవని, ఆయన చేతి వంటతో నీకు పేచీ లేదని చెప్పాను.

"గా ముచ్చట ముందుగాల్నే చెప్తే గింత లొల్లి ఎందుకయితుండె!" అని నా మీదే లేచాడు. పొద్దున తనే పోయి కంప తీసేశాడు.

ఈ మంగళవారం పండుగకు రెండు యాటలు కోస్తాం. ఒక మేక పోచమ్మ దగ్గర, రెండోది పసుపు, బొట్టు పెట్టకుండా మా ఇంటి వెనుక. అనుమానముంటే గ్లోరీని దగ్గర నిలబెట్టు. వార్డు మెంబరుగా మీ చర్చివాళ్లందరినీ పిలుస్తున్నాను. నువ్వు రాకపోతే మాత్రం వదినగా వచ్చి లాక్కొస్తాను.

కూరగిన్నెలు రెండుంటాయి. భోజనాల బంతి ఒక్కటే. నీ విస్తరి మీ అన్న పక్కన వేస్తాను.

మీ వదిన