ఆర్జినీన్ వేయని గొట్టం

జనవరి 5, 1949. సూర్యాపేట

చెల్లెలు సుశీల హైదరాబాద్ కాలేజీ నుంచి వచ్చింది. పెట్టెలో చీరలు రెండు, గాజు గొట్టాలు పన్నెండు. ఒక సీసాలో బాక్టీరియా. మామూలు బాక్టీరియా ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారు చేసుకుంటాయట. వీటికి చేతకాదు. మనం వేస్తేనే పెరుగుతాయి.

జనవరి 6

గొట్టాలన్నిటిలో బాక్టీరియా. ఆర్జినీన్ మాత్రం సగంలోనే. వేసినవి బాక్టీరియా పెరిగి మసకబారాలి, వేయనివి తేటగా ఉండాలి. పదో తేదీన కోదాడకు వచ్చే ఆమె ప్రొఫెసర్ వీటిని చూస్తారు. ఆయన నమ్మితే పరిశోధనలో సీటు. లేకుంటే లేదు.

వెచ్చదనానికి పొయ్యి గట్టు మీద పెట్టింది.

జనవరి 8

పత్రిక పని మీద మిర్యాలగూడలో రెండు రోజులు, సర్కారు ధాన్యం లెవీ వసూళ్ల వార్త. ఇంటి గుమ్మంలోనే కంపు. గొట్టాలన్నీ మసక. సుశీల నేల మీద కూర్చుని ఉంది.

ఎవరు ముట్టారని అడిగాను.

అమ్మ దాచలేదు. "నేనే కొడుకా. సగం గొట్టాలల్ల ఏం లేకపాయె. ఉపాసమున్నయని మూతులకున్న దూది తీసి జర మాంసం రసం పోసిన. సూడు, ఎట్ల లేసినయో!"

"అవి ఆకలితోని ఉండుడే నా పరీక్ష అమ్మా!"

"నా ఇంట్ల ఎవర్నీ పస్తుంచ. నీ పురుగులైతే ఏంది?"

సుశీలకు ఏడుపు, మధ్యలో నవ్వు.

సాయంత్రం — కంపు సంగతి అడిగాను. రసంతో వేరే బాక్టీరియా వచ్చాయి. చుట్టూ పులుపు పెరిగితే అమైనో ఆమ్లాలను పుట్రెసిన్ వంటి కంపు పదార్థాలుగా మార్చి ఆ పులుపును తట్టుకుంటాయట. "పానం కాపాడుకుంటున్నయి అన్నా" అంది, ముక్కు మూసుకుని.

జనవరి 9

సీసా పెట్టెలోనే ఉంది, అమ్మకు కనబడలేదు. దాంట్లోంచి మళ్లీ రెండు గొట్టాలు. ఒకదానికి ఆర్జినీన్, ఒకదానికి లేదు. ఈసారి పొయ్యి గట్టును నమ్మలేదు. గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకుంది, ఒంటి వేడి చాలునట. వంగదు. పడుకోదు.

"తొమ్మిది నెలలా బిడ్డా?"

"రేపు పొద్దుగాల దాకనే."

"ఒకదానికి బువ్వ, ఒకదానికి పస్తు... ఏం తల్లివే!" అంటూనే అమ్మ ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. "నువ్వన్న తిను."

జనవరి 10

కోదాడ బస్సు ఏడింటికి. సుశీల మూట విప్పింది. ఆర్జినీన్ వేసింది మసకబారింది. వేయనిది కిటికీ వైపు ఎత్తి పట్టింది. చాలాసేపు.

"తిన్నదా బిడ్డా?" అమ్మ.

సుశీల గొట్టం నా చేతిలో పెట్టింది. "నువ్వు చెప్పు అన్నా. ఉన్నదున్నట్టు."

అడుగున పొగలాంటిదేదో... గాజు మీది చెమటా, లోపలిదా? లోపలిదైతే సీటు పోయినట్టే. పంచె కొంగుతో తుడిచాను. మళ్లీ ఎత్తాను. అమ్మ నా ముఖం చూస్తోంది, సుశీల గొట్టాన్ని. బయట బస్సు హారన్ —