దిక్కులేనివాడివి కాదు, కాకా

గంగారాం కాకా,

నువ్వు పోయాక మన సంఘం వార్తాలేఖ రావడం ఇదే మొదటిసారి. దాతలకు పంపే ఆ నాలుగు పేజీలు రాసే పని ఇప్పుడు నాది. ఇవాళ ఈ గల్ఫ్ ఎండలో హూరాలోని సంఘం ఆఫీసుకు వెళ్లి, నీ కోసం పోట్లాడి వచ్చాను.

మొదటి పేజీకి కార్యదర్శి గారు ఒక ఫోటో తెచ్చారు. మన ఊళ్లో, ఇంటికి చేరిన నీ శవపేటిక మీద పడి పిన్ని ఏడుస్తోంది. కింద "దిక్కులేని కూలీ" అని రాయమన్నారు. నాకు ఒళ్లు మండింది. ఒక్క మాట మనిషిని ఇంత చిన్నవాణ్ణి చేస్తుందా?

"ప్రతి శుక్రవారం ఆసుపత్రిలో మనవాళ్లకు తోడున్న మనిషండీ. మన సంఘం సభ్యుడు!"

"నిజమేనమ్మా. కానీ ఏడుపు చూస్తేనే కదా జనం చెయ్యి జేబులోకి వెళ్లేది!"

"పిన్నిని అడిగారా?"

ఎవరూ అడగలేదు.

హిద్‌లోని కూలీల క్యాంపులో నేను వార్తాలేఖలో ఎవరి కష్టమో చదివి వినిపిస్తుంటే నువ్వు అడ్డుపడేవాడివి. "ఆ పిలగాడు ఏడ్సిండని మస్తు రాసిన్రు బిడ్డా. ఇల్లు చేరిండా లేదా? గది రాయరాదు?"

ఆ ఫోటో వేస్తే నేను రాయనని లేచి నిలబడ్డాను. "ఈసారికి నీ ఇష్టం, తల్లీ" అన్నారాయన, మొహం ముడుచుకుని. ఆసుపత్రి వరండాలో చాయ్ ఫ్లాస్కు పట్టుకుని నవ్వుతున్న నీ ఫోటో పెట్టాను. కింద ఇలా రాశాను: "మనతో కలిసి పనిచేసిన గంగారాం, మీ సాయంతో ఇల్లు చేరాడు."

శుక్రవారం క్యాంపులో ఇది చదువుతాను. చేరిండా లేదా అని అడ్డుపడడానికి నువ్వుండవు.

సుమ