గీతిక ఏడ్చిన సాయంత్రం

మార్చి 23, ఆదివారం

నాచారంలో ఒక క్లినిక్ వాళ్లు పసిపిల్లల తల్లిదండ్రులకు ఫస్ట్ ఎయిడ్ క్లాసు పెట్టారు. మా ఆయన విక్రమ్ తలనొప్పని తప్పించుకున్నాడు. ఉప్పల్ నుంచి ఆటోలో నేనూ, మా అత్తమ్మ మల్లవ్వా, పదకొండు నెలల మా పాప గీతికా వెళ్లాం. డాక్టర్ దుర్గాభవాని రబ్బరు బొమ్మను ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి వంచి, వీపు మీద అరచేతి మొదలుతో కొట్టి చూపించింది. గొంతులో ఏదైనా అడ్డుపడి పిల్ల దగ్గలేకపోతే ఇలా ఐదుసార్లు. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము మధ్య రెండు వేళ్లతో ఐదు నొక్కులు. కనపడని దాని కోసం నోట్లో వేలు పెట్టకూడదు, లోపలికి పోతుంది.

"పిల్లను కొట్టుడు నేర్పనీకి గింత దూరం పిలిచిన్రా?" అంది అత్తమ్మ, హాలంతా వినపడేలా. డాక్టర్ కూడా నవ్వింది.

మార్చి 25

దిండుతో ప్రాక్టీస్ చేశాను. మా కోడలు దిండ్లను కొడుతోంది, జర భయమైతుందని అత్తమ్మ పక్కింటి కామాక్షి గారితో చెప్పిందట.

ఏప్రిల్ 7, ఉదయం

నిన్న రాయలేకపోయాను.

నిన్న మా ఇంటి దగ్గరి స్టేడియంలో క్రికెట్ మ్యాచ్. మా వీధి నిండా బైకులు. విక్రమ్ టీవీ ముందు ఆపిల్ ముక్కలు తింటున్నాడు. ఒకటి కింద పడింది. మేమెవరం చూడలేదు. గీతిక చూసింది.

ఉన్నట్టుండి గీతిక సందడి ఆగిపోయింది. తిరిగి చూస్తే పిల్ల నోరు తెరిచి ఉంది. దగ్గు లేదు, ఏడుపు లేదు. పెదాలు నీలంగా మారుతున్నాయి. అత్తమ్మ నోట్లో వేలు పెట్టబోయింది. "వద్దత్తమ్మా!" అని అరిచాను. పెళ్లయ్యాక ఆమె మీద గొంతు లేపడం అదే మొదలు. విక్రమ్ 108కి ఫోన్ చేశాడు. రోడ్డంతా జామ్. వాళ్లెప్పటికి వస్తారు?

బోర్లా వేశాను. దవడ పట్టుకున్నాను. కొట్టాను, గట్టిగా. ఐదు. ఏమీ రాలేదు. తిప్పాను. రెండు వేళ్లు. ఒకటి, రెండు, మూడు. ముక్క జారి నా మోకాలి మీద పడింది.

ఏడ్చింది! నా బంగారం, ఎంత గట్టిగా ఏడ్చిందో! సరిగ్గా అప్పుడే స్టేడియంలో ఎవరో సిక్స్ కొట్టినట్టున్నారు, వేల గొంతులు ఒక్కసారి లేచాయి. మా పిల్ల కోసమే అనుకున్నాను.

విక్రమ్ నేల మీద కూలబడి ఏడుస్తూ నవ్వాడు. అత్తమ్మ నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది. "నువ్వు నా మీద ఒర్రినవ్ సూడు బిడ్డా, గదే మంచిగైంది" అంది.

ఛాతీ నొక్కాక తప్పకుండా చూపించాలని దవాఖానాకు తీసుకెళ్లాం. ఏ దెబ్బా లేదన్నారు. గీతిక డాక్టర్ కళ్లజోడు లాగేసింది.

ఏప్రిల్ 13, ఆదివారం

అత్తమ్మ మా బిల్డింగ్‌లోని తల్లులందరినీ పిలిచి తనే క్లాసు పెట్టింది. కామాక్షి గారు బొమ్మ వీపు మీద మెల్లగా తట్టారు. "గట్ల నిమిరితె ఎట్ల ఎల్తది? జర గట్టిగ కొట్టు!" అని గద్దించింది అత్తమ్మ. విక్రమ్ ముందు వరుసలో కూర్చున్నాడు.

మే 2

గీతిక సోఫా వదిలేసి తనంతట తానే నడిచింది. ముగ్గురం చప్పట్లు కొట్టాం. వంటింటి వైపు నడవడం చూసి ముగ్గురం పరుగెత్తాం.