లిస్ప్‌లో గుర్రం గంతు

తెనాలి, శుక్రవారం రాత్రి, 2006

నా చదరంగం ప్రోగ్రాంను లిస్ప్ అనే పాత కంప్యూటర్ భాష నుంచి సి భాషలోకి తిరగరాయకపోతే ప్రాజెక్టు ఒప్పుకోనన్న గైడు సార్, ఇవాళ బాపట్ల కాలేజీలో దానితో ఆడారు. మధ్యలో రాజును గుర్రంలా దూకించబోతే ప్రోగ్రాం కుదరదంది.

“ఏంటయ్యా, రాజుకి ఒక్కసారి గుర్రం గంతు ఉంటుందని దీనికి తెలీదా? మా రేపల్లెలో అందరూ ఇలాగే ఆడతారు!”

“అది అరుగుల మీది ఆటండి, పుస్తకాల్లో లేదు!” అని అరిచేశాను. అయినా అక్కడే ఆ గంతును చిన్న ఫంక్షన్‌గా రాసి చేర్చాను. మిగతాదేదీ ముట్టుకోలేదు.

సార్ తన రాజును దూకించారు. కాసేపటికి ప్రోగ్రాం కూడా చిక్కుకోబోతున్న తన రాజును దూకించింది. ఎప్పుడు దూకాలో నేను చెప్పనేలేదు!

“నా గంతు నా మీదే వేసిందే! ఆట మధ్యలో ఇంత సులువుగా చేర్చగలిగావంటే, సరే, లిస్ప్‌లోనే కానియ్,” అని సార్ నవ్వారు.

ఎంత గర్వంగా ఉందో! కానీ విద్యార్థి సంఘం కరపత్రాల్లో జనం, జనం అని చదివే నేను, జనం ఆడే ఆటను పుస్తకాల్లో లేదని ఎలా కొట్టిపారేశానో...