ఇంటి పిండి రొట్టె

పట్నం, అక్టోబరు

ప్రియమైన అన్నయ్యకు,

నిన్న నువ్వు డయాలసిస్ గదిలో నర్సును నవ్విస్తుంటే అద్దం తలుపులోంచి చూశాను. "ఈ యంత్రం నా రక్తం ఎలాగూ ఉతుకుతోంది కదమ్మా, ఈ చొక్కా కూడా అందులో పడేస్తే మా ఆవిడ రూజిత్సకి ఒక పని తగ్గుతుంది" అన్నావట. ఆమె ఆ మాట నాకు చెప్పి మళ్ళీ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత నీ బరువు రాసిన కాగితం చూసి నవ్వలేకపోయాను. రెండు సార్ల మధ్య అంత పెరిగావంటే అది కండ కాదు, నీళ్ళు. దాహం వేస్తే గ్లాసు అందుకోకు. చిన్న మంచుముక్క నోట్లో పెట్టుకో, లేదా నిమ్మచెక్క చప్పరించు. పొగబెట్టిన పంది మాంసం జోలికి వెళ్ళకు. నీ దాహానికి మూలం దానిలోని ఉప్పే. బంగాళాదుంపలు పల్చగా తరిగి, ఎక్కువ నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త నీళ్ళలో ఉడికించమని వదినతో చెప్పు. ఎండు ప్లమ్ పళ్ళు పళ్ళే కదా అనుకోవద్దు. నీ కిడ్నీలు బయటికి పంపలేని పొటాషియం గుండెను ఆపేయగలదు. వదినను రొట్టెలో కూడా ఉప్పు మానేయమను. "అట్టముక్క తిన్నట్టుంటుంది" అంటావని తెలుసు. అయినా తిను.

ఇక ఆదివారం నాటి సభ. పరిశోధకుల బృందం కనుక్కున్న విషయాన్ని మన యసెనిక్ ఊరివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలని ఎంతో సిద్ధపడి వచ్చాను. చెప్పనివ్వలేదు. నువ్వు వెనక బల్ల మీద తల వంచుకుని కూర్చున్నావు. అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. మన గోధుమ చేల గట్ల వెంట, గుండె ఆకారపు ఆకులతో, పాలిపోయిన పసుపు పూలతో ఒక కలుపు మొక్క మొలుస్తుంది. అమ్మ దాన్ని 'తోడేలు అడుగు' అనేది. కోతల వేళకు దాని కాయ ఎండి, గింజలు గోధుమల్లో కలిసిపోతాయి. మనం వాటినీ కలిపి మర పట్టించాం, రొట్టెలు చేసుకున్నాం. ఒక పూట తింటే ఏమీ తెలియదు. ఏళ్ళ తరబడి తింటే ఆ విషం కిడ్నీలను కొద్దికొద్దిగా ఎండగడుతుంది. అది బయటపడేది కూడా దశాబ్దాల తర్వాతే. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ అంతుపట్టలేదు. ఇకమీదట ఆ గింజలు ఏరేశాకే మర పట్టించండి. తాత, అమ్మ, ఇప్పుడు నువ్వు. ఇది ఇంటి శాపం కాదు అన్నయ్యా, బావి నీళ్ళ దోషమూ కాదు.

అంటున్ బాబాయి ఏమన్నాడో గుర్తుందా? "నా చిన్నతనంలో బావి అన్నారు, పూడ్చేశాం. తర్వాత మట్టి అన్నారు. ఇప్పుడు రొట్టె అంటున్నారు. వచ్చేసారి ఊపిరి పీల్చొద్దంటావేమో డాక్టరమ్మా!" హాలంతా గొల్లుమంది. కాని నవ్వుతున్నవాళ్ళలో చాలామంది పిడికిళ్ళు బిగించి కూర్చున్నారు. ఎందుకో మనిద్దరికీ తెలుసు. మన ఊరికి పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళు పిల్ల ముఖం కంటే ముందు పిల్ల తల్లి అరచేతులు చూస్తారు. ఆ అరచేతులకు ఈ జబ్బు తెచ్చే రాగి రంగు తిరిగిందంటే కాఫీ అయినా తాగకుండా లేస్తారు. జబ్బు కంటే దాని పేరుకే మనవాళ్ళు ఎక్కువ భయపడతారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను.

చివరగా, నేను తీసుకున్న నిర్ణయం. వదిన తన కిడ్నీ ఇస్తానంది. వద్దని చెప్పవలసి వచ్చింది. మన ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచి ఆమె తిన్నదీ ఆ రొట్టే. ఇవాళ ఆరోగ్యంగా ఉన్నా రేపటి మాట ఎవరూ చెప్పలేరు. "మరి ఇంకెవరున్నారు?" అని నిలదీసింది. నేనున్నాను కదా అన్నాను. చిన్నపిల్లగా ఉండగానే హాస్టల్‌కు వచ్చేసినదాన్ని. మన ఇంట్లో ఆ రొట్టె అందరికంటే తక్కువ తిన్నది నేనే. రక్తం కూడా కలిసింది. మిగిలిన పరీక్షలు ఈ వారం మొదలవుతాయి. నువ్వు వద్దంటే నేను వినను.

నీ చెల్లెలు,
నెవెంక


పట్నం, డిసెంబరు

అన్నయ్యా,

ఈ ఉత్తరం ఒంటరిగా ఉన్నప్పుడు చదువు. చదివాక పొయ్యిలో వేసెయ్.

నా కిడ్నీ నీకు పనికిరాదు. స్కాన్‌లో నా కిడ్నీలు రెండూ ఉండవలసినదానికంటే చిన్నవిగా కనిపించాయి. నా మూత్రంలో కనిపించిన ప్రొటీన్ ఎలాంటిదో నేను ఇంకొకరికి వివరించనక్కరలేదు. మన ఊరివాళ్ళ కాగితాల్లో ఎన్నేళ్ళుగానో చూస్తున్నదే. రక్తం తగ్గడం కూడా మొదలైంది. మరోచోట మళ్ళీ చేయించాను. అదే జవాబు.

పరీక్షలు చూసిన డాక్టరు చాలా మర్యాదగా అడిగాడు: "ఊరి నుంచి ఏమైనా తెప్పించుకునేవారా?" ప్రతి రోగినీ నేను అడిగే ప్రశ్న అది. నన్ను నేను అడుక్కోలేదు. ఊళ్ళో ఎన్నాళ్ళున్నానో చూసుకున్నాను గాని, ఊరు నా దగ్గరికి ఎన్నాళ్ళు వచ్చిందో చూసుకోలేదు.

వదిన పిండి సంచులు నీకు గుర్తున్నాయి కదా. కొత్త కోడలిగా వచ్చిన ఏడాదే మొదలుపెట్టింది. బస్సు డ్రైవరు గొణిగితే, "పట్నంలో అమ్మేది రొట్టె కాదు, దూది. మా ఆడపడుచు దూది తిని డాక్టరవుతుందా? జరుగు!" అని తనే సీటు కింద సంచి తోసేసేదట. ఆ పిండితో హాస్టల్ వంటామె నాకు విడిగా రొట్టె కాల్చి ఇచ్చేది. దాని మీద పంది కొవ్వు రాసుకుని, కాస్త కారం చల్లుకుని, పుస్తకం ముందు పెట్టుకుని తినేదాన్ని. మిగతా పిల్లలు ఇళ్ళ మీద బెంగతో ఏడుస్తుంటే నాకు ఏడుపు వచ్చేది కాదు. ఇల్లు నోట్లోనే ఉండేది. చదువయ్యాక, ఉద్యోగం వచ్చాక కూడా సంచి ఆగలేదు. నేనూ ఆపమనలేదు.

అన్నయ్యా, నిన్ను ఒకటి కోరుతున్నాను. ఇది వదినకు తెలియకూడదు. అమ్మను ఆఖరి దశలో పసిబిడ్డలా చూసుకుంది. ఇప్పుడు నిన్ను చూసుకుంటోంది. తన చేత్తో జల్లించి, తన చేత్తో మూటగట్టి పంపినదే నన్ను ఇలా చేసిందని తెలిస్తే, ఇక ఆ చేతులతో ఆమె ఏ పనీ చేయలేదు. నేను భయపడ్డానని చెప్పు. ఆపరేషన్ అంటే వణికిపోయి మాట మార్చానని చెప్పు. ఆమె నమ్ముతుంది, చిన్నప్పుడు కోడిని కోస్తుంటే పారిపోయినదాన్నని నువ్వే ఆమెకు చెప్పావు. నన్ను తిట్టుకోనీ. కోపం మనిషిని నిలబెడుతుంది. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరో ఒకరు నిలబడి ఉండాలి.

నీ పేరు కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితాలో ఉంది. ఎవరో తెలియని మనిషి కిడ్నీ రావచ్చు. అంతవరకు ఉప్పు, నీళ్ళు, బంగాళాదుంపల సంగతి మరచిపోకు. నొప్పులకు ఎవరో ఇచ్చిన మాత్రలు, ఆకుల కషాయాలు తీసుకోకు.

నీ
నెవెంక


పట్నం, ఫిబ్రవరి

ప్రియమైన అన్నయ్యకు,

మాట నిలబెట్టుకున్నావు. నిన్న వదిన ఆస్పత్రి వరండాలో నన్ను పట్టుకున్నప్పుడు నువ్వు తలుపు దగ్గరే నిలబడి, ఒక్క ముక్క కూడా అడ్డు చెప్పలేదు. అది నీకెంత కష్టమో నాకు తెలుసు.

"నీ కిడ్నీ ఏమన్నా బంగారంతో చేశారా? పెట్టెలో దాచుకుని పైకి పట్టుకుపోతావా?" అంది. నర్సులు ఎటు చూడాలో తెలియక గోడలు చూశారు. "ఊరందరికీ నీతులు చెబుతావే, ఇది తినొద్దు, అది తాగొద్దని! సొంత అన్న దగ్గరికొచ్చేసరికి ఏమైందే నీ నీతి?" అంటూ నా చెయ్యి పట్టుకుని లాగింది. ఒక్క క్షణం ఆగింది. చెయ్యి వదిలేసి, అంతకంటే గట్టిగా మొదలుపెట్టింది. "ఇక నా ఇంటి నుంచి నీకు పిడికెడు పిండి కూడా రాదు. విన్నావా? పిడికెడు కూడా!" ఆ మాటతో, ఈ అబద్ధం ఒక మేలైతే చేసిందనుకున్నాను.

ఇప్పుడు చెప్పవలసిన మాట. నీ గుండె పరీక్షల ఫలితాలు చూసి కమిటీ నీ పేరు జాబితా నుంచి తీసేసింది. కాగితం మీద 'తాత్కాలికంగా' అని ఉంది. ఆ మాట నేను ఎందరికో చెప్పాను, ఎందుకు చెబుతారో నాకు తెలుసు. నీకు చెప్పను. నీ గుండె ఆ ఆపరేషన్‌ను తట్టుకోలేదు. అది బాగుపడుతుందని కూడా నేను అనుకోవడం లేదు. యంత్రం ఎన్నాళ్ళు నడిపిస్తే అన్నాళ్ళు. ఆ రోజుల్లో నొప్పి, ఆయాసం లేకుండా చూడడం నాకు చేతనవును. అంతవరకే చేతనవును.

ఒకసారి వచ్చి సావా నది గట్టు మీద నీతో కూర్చోవాలని ఉంది. వదిన రానివ్వదేమో. వచ్చినప్పుడు నువ్వు తగినంత కోపంగా కనిపించాలి సుమా.

నీ చెల్లెలు,
నెవెంక


యసెనిక్, జూన్

నెవెంకా,

మీ అన్న ఉన్నన్నాళ్ళూ నీకు రాసేది ఆయనే కాబట్టి నాకు ఈ పని పడలేదు. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

సమాధి దగ్గర నువ్వు దూరంగా నిలబడ్డావు. నేను పిలవలేదు. ఊరంతా చూస్తోంది, పిలిస్తే ఏడుస్తాను, ఏడిస్తే అంతా చెప్పేస్తాను. అందుకే పిలవలేదు.

నాకు ఫిబ్రవరి నుంచీ తెలుసు. వరండాలో నీ చెయ్యి లాగినప్పుడు అరచెయ్యి కనబడింది. నేను యసెనిక్ కోడల్ని నెవెంకా. మీ అమ్మ చేతులు రోజూ వేణ్ణీళ్ళతో కడిగినదాన్ని. ఆ రంగు ఎంత పల్చగా ఉన్నా నాకు తెలుస్తుంది. నువ్వు ఎందుకు మాట మార్చావో, నా నోటికి ఆ నింద ఎందుకు ఇచ్చావో అంతా అక్కడే తెలిసిపోయింది. తల తిప్పితే ఆయన తలుపు దగ్గర నిలబడి నా మొహమే చూస్తున్నాడు, నాకు తెలిసిపోయిందేమోనని. ఆ కళ్ళలో అంత భయం నేనెప్పుడూ చూళ్ళేదు. ఇంకేం చెయ్యను? ఇంకా గట్టిగా అరిచాను. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

ఆనాటి నుంచి ఇద్దరం నాటకమే. ఆయన "అది పిరికిదే రూజిత్సా, పుట్టుకతోనే పిరికిది" అనేవాడు. నేను "మీ వంశమే అంత" అనేదాన్ని. చివరి రోజు ఉదయం కూడా "నేను పోయాక దానితో మాట్లాడు, మనసులో పెట్టుకోకు" అన్నాడు. "చూద్దాంలే" అన్నాను. అదే మా ఆఖరి మాట. నాకు తెలుసని ఆయనకి తెలియకుండానే పోయాడు. నువ్వు కోరుకున్నది అదే కదా. జరిగింది. ఇక చాలు.

పిండి గురించి నన్ను ఓదార్చొద్దు. తెలియక పంపానని నాకూ తెలుసు. అలా అనుకుంటే బరువు తగ్గుతుందేమోనని అనుకుని చూశాను. తగ్గదు. మన గట్ల మీద ఆ మొక్క కనబడిన చోటల్లా పీకాను. పొద్దు తిరిగేసరికి అంటున్ గట్టు మీదికి కూడా వెళ్ళిపోయాను. "నా నేల మీద నీకేం పని?" అని కేకలేస్తూ వచ్చాడు. నా మొహం చూసి ఊరుకున్నాడు. కాసేపటికి తన వైపు తనే పీకడం మొదలుపెట్టాడు. వేళ్ళు లోతుగా ఉన్నాయి, తెగిపోతున్నాయి. వచ్చే ఏడు మళ్ళీ మొలుస్తాయి.

నువ్వూ ఆ యంత్రం దగ్గర పడుకునే రోజు ఎప్పుడో వస్తుంది. రాదని నువ్వనవు, నేనూ అనను. ఆ రోజు ఎవరికీ చెప్పకుండా ఒక్కదానివే వెళ్ళావంటే మళ్ళీ వరండాలో పరువు తీస్తాను. ఈసారి నిజంగానే తిడతాను. ఏ రోజు ఏ గదో, ఏ కుర్చీలో కూర్చుంటే వెన్ను నొప్పెట్టదో నాకు తెలుసు. బంగాళాదుంపలు ఎలా నానబెట్టాలో కూడా తెలుసు.

బస్సు డ్రైవరు చేతికి ఒక రొట్టె ఇచ్చాను. కొత్తవాడు, గొణగలేదు. పిండి బజారులో కొన్నదే. ఎంత పిసికినా సాగలేదు. ఉప్పు వెయ్యలేదు. మీ అన్న దాన్ని అట్టముక్క అనేవాడు, అంటూనే చివరి ముక్క దాకా తినేవాడు.

మెల్లగా నమిలి తిను.

నీ వదిన,
రూజిత్స